అందరి రికార్డులోనూ జి విలువ 980 ఎలా వస్తుంది?

సంపాదకులకు నమస్కారం.

ప్రాక్టికల్స్ అయిపోయాక ఫిజిక్స్ ల్యాబుల్లో గుట్టగా పడి ఉండే రికార్డుల్లో ఓ పది తీసి లఘులోలకం (దారానికి గుండు కట్టి ఊపే ప్రయోగం) పేజీ తిప్పండి. చాలావాటిలో జి, అంటే గురుత్వ త్వరణం, విలువ 980 అనే ఉంటుంది. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్‌కు అనుమానం రాకుండా ఒకరు 979.6 అంటారు, ఇంకొకరు 981.2 అంటారు. 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, దాదాపు సముద్రమట్టంలోనే ఉన్న విజయవాడలో గురుత్వ త్వరణం సెకనుకు సెకనుకు 978.4 సెంటీమీటర్లు. గుంటూరులోనూ ఇంతే. పుస్తకంలో ఉన్నదానికీ దీనికీ తేడా చిన్నదే, మా బాధ దాని గురించి కాదు. మీటరు దారానికి గుండు కట్టి, చేతిలో స్టాప్‌వాచ్‌తో ఇరవై ఊపులు (వెళ్లి తిరిగి వస్తే ఒక ఊపు) లెక్కించిన వాళ్లకు 970కీ 990కీ మధ్య ఎంతైనా రావచ్చు. తరగతి మొత్తానికీ 980 రావడం మాత్రం కుదరని పని. రీడింగులు తీసి జవాబు రాయాల్సింది పోయి, జవాబు పెట్టుకుని రీడింగులు రాస్తున్నారు.

పిల్లల్ని తప్పుపట్టి లాభం లేదు. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. అందులో ఫిజిక్స్‌వి 40. ప్రశ్నకు నిమిషం మీద ఏడెనిమిది సెకన్లు దక్కే పరీక్షకు తయారయ్యేవాడు రెండు గంటలు నిలబడి లోలకం ఊపులు లెక్కపెట్టడం ఇంట్లోవాళ్లకూ కాలేజీకీ దండగ ఖర్చులా కనిపిస్తుంది. అందుకే చాలాచోట్ల రెండేళ్ల ప్రాక్టికల్స్ పరీక్షలకు ముందు నాలుగైదు రోజుల్లో చుట్టేస్తారు. విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి గుంటూరు బ్రాడీపేట దాకా ఫిజిక్స్ చెప్పే చోట్లకు కొదవ లేదు. ర్యాంకు అక్కర్లేని మనిషికి ఫిజిక్స్ మొదటి నుంచి చెప్పే చోటు మాత్రం రెండు ఊళ్లలోనూ దాదాపు లేదు.

అలాంటివాళ్లు ఎవరని అడగవచ్చు. ఆటోనగర్‌లో ఇంజన్లు విప్పి బిగించే కుర్రాడికి టార్క్ (తిప్పే బలం) అంటే చేతికి తెలుసు, కాగితం మీద తెలియదు. ఐటీఐ చేసి వైరింగ్ పని చేసుకునే ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతున్నా చదువుకున్నది జీవశాస్త్రమైన టీచర్ ఉన్నారు. ఫిజియోథెరపీ, నర్సింగ్, రేడియాలజీ టెక్నీషియన్ కోర్సుల పిల్లలున్నారు. ఇంటర్ బైపీసీ సంగతి మరీ అన్యాయం. వాళ్లకు పదో తరగతితో లెక్కలు ఆగిపోతాయి, ఫిజిక్స్ మాత్రం ఎంపీసీ వాళ్లదే. తక్షణ వేగం పాఠంలో అవకలనం (డిఫరెన్షియేషన్) ఎదురవుతుంది, దాన్ని నేర్పే లెక్కల క్లాసు వాళ్లకు ఉండదు.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలు ఈ చిక్కును ఎలా విప్పాయో మన దగ్గర తెలిసినవాళ్లు తక్కువ. అక్కడ చదువుకోవడానికి వెళ్లే పిల్లలు ఇన్ని వేల మంది ఉన్నా మనవాళ్ల చూపంతా యూనివర్సిటీల మీదే. ఇలినాయ్ రాష్ట్రంలో జోలియట్ జూనియర్ కాలేజీ 1901లో మొదలైంది, ప్రభుత్వ రెండేళ్ల కాలేజీల్లో అదే మొదటిదిగా చెబుతారు. వీటిలో ప్రవేశానికి ర్యాంకు అడగరు. ఫిజిక్స్‌కు సాధారణంగా మూడు వాకిళ్లుంటాయి. లెక్కలు పెద్దగా అక్కర్లేకుండా భావనలు చెప్పేది ఒకటి. బీజగణితం, త్రికోణమితి వాడి చెప్పేది రెండోది, వైద్యం, జీవశాస్త్రం వైపు వెళ్లేవాళ్లు ఎక్కువగా ఇది తీసుకుంటారు. కలనగణితంతో (కాల్క్యులస్‌తో) నడిచేది మూడోది, ఇంజనీరింగ్‌కూ ఫిజిక్స్ డిగ్రీకీ వెళ్లేవాళ్లది. ఒక్కోటి పదిహేను, పదహారు వారాల సెమిస్టర్. రెండో, మూడో కోర్సుల్లో వారం వారం ల్యాబ్ ఉంటుంది. ల్యాబ్ చేయకపోతే కోర్సు పూర్తి కానట్టే. అక్కడ సంపాదించిన క్రెడిట్లు నాలుగేళ్ల యూనివర్సిటీకి మారినప్పుడు వెంట వెళతాయి.

మూడో వాకిలి మనకు ఉంది. బీటెక్ మొదటి ఏడాది, బీఎస్సీ ఫిజిక్స్ అదే పని చేస్తున్నాయి. లేనివి మొదటి రెండూ. వాటిని తెరవడానికి కొత్త కాలేజీ కట్టనక్కర్లేదు. రెండు నగరాల్లోనూ దశాబ్దాల వయసున్న డిగ్రీ కాలేజీలున్నాయి. వాటి ఫిజిక్స్ ల్యాబులు సాయంత్రం ఐదింటికి తాళం పడి, ఆదివారమంతా మూసి ఉంటాయి. మా విన్నపం ఆ తాళం గురించే.

కోర్సు ఇలా ఉండవచ్చు. పదహారు వారాలు. వారంలో రెండు సాయంత్రాలు గంటన్నర చొప్పున పాఠం, ఆదివారం ఉదయం మూడు గంటలు ల్యాబ్. మొత్తం 48 గంటల పాఠం, 48 గంటల ప్రయోగం. ఇప్పటి లెక్క ప్రకారం 15 గంటల పాఠానికి ఒక క్రెడిట్, 30 గంటల ప్రాక్టికల్‌కు ఒక క్రెడిట్. అంటే నాలుగు క్రెడిట్లకు సరిపోగా ఇంకా మిగులుతుంది. బ్యాచ్‌కు 24 మంది, ఇద్దరికో సెట్టు, పన్నెండు సెట్లు. అంతకు మించి చేర్చుకుంటే ఒకడు చేస్తాడు, నలుగురు చూస్తారు, అందరూ ఎక్కించుకుంటారు. మొదటి రెండు వారాలూ లెక్కలకే ఇవ్వాలి: నిష్పత్తులు, పదుల ఘాతాలు, సైన్, కొసైన్, గ్రాఫు గీసి వాలు తీయడం. ఈ రెండు వారాలు మిగిల్చుకుందామని నేరుగా గతిశాస్త్రంలోకి దూకితే ఐదో వారానికి సగం మంది రావడం మానేస్తారు. వాళ్లు ఆగిపోయేది ఫిజిక్స్ దగ్గర కాదు, భిన్నాన్ని తిరగేయాల్సిన చోట.

ప్రయోగం ఎలా నేర్పాలో లోలకంతోనే చెబుతాం. అన్నిటికన్నా చౌకైన ప్రయోగం, అన్నిటికన్నా ఎక్కువగా పాడు చేస్తున్నదీ ఇదే. ఆటోనగర్‌లో ఏ లేత్ షాపులోనైనా 25 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీని 25 మిల్లీమీటర్ల పొడవుకే కోయించి, మధ్యలో సన్నని రంధ్రం వేయిస్తే సుమారు 100 గ్రాముల గుండు తయారు. అదే కొలతలో అల్యూమినియం ముక్క 33 గ్రాములుంటుంది. బరువు మూడింతలు తేడా ఉన్నా ఊగే కాలం ఒకటేనని పిల్లలు తమ చేతులతో చూస్తారు. దారాన్ని మేకుకు ముడి వేయకూడదు. ఊగినప్పుడల్లా దారం మేకు చుట్టూ కొంచెం చుట్టుకుని విప్పుకుంటుంది, పొడవు నిలకడగా ఉండదు. చీల్చిన బెండు మధ్యగానీ రెండు చదును చెక్కముక్కల మధ్యగానీ బిగించాలి. పురి ఎక్కువున్న నూలు దారం గుండును తిప్పుతుంది, లోలకం గీత మీద ఊగకుండా కోడిగుడ్డు ఆకారంలో తిరగడం మొదలుపెడుతుంది. అల్లిన నైలాన్ దారం మేలు.

పొడవును గుండు పై అంచు దాకా కాక మధ్య బిందువు దాకా కొలవాలి. ఈ గుండుకు అది పై అంచు నుంచి 12.5 మిల్లీమీటర్ల కింద ఉంటుంది. మీటరు లోలకంలో దాన్ని మరిచిపోతే జి విలువ ఒకటింపావు శాతం తగ్గుతుంది. ఎక్కువ లాగి వదిలితే ఇంకో తప్పు. 5 డిగ్రీల లోపు ఊపితే కాలంలో తేడా వెయ్యికి అర వంతు. 20 డిగ్రీలకు లాగితే వెయ్యికి ఏడెనిమిది వంతులు, అంటే జి విలువ ఒకటిన్నర శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. మీటరు దారానికి 5 డిగ్రీలంటే పక్కకు సుమారు 9 సెంటీమీటర్లు. బల్ల మీద సుద్దముక్కతో గీత గీసి పెడితే చాలు.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు లెక్కపెట్టడంలో జరుగుతుంది. వాచ్ నొక్కుతూ 'ఒకటి' అంటారు. 'ఇరవై' అనేసరికి ఊపులు అయింది పందొమ్మిదే. ఇరవైతో భాగిస్తారు. కాలం 5 శాతం తగ్గి, జి విలువ దాదాపు 1084 వస్తుంది. ఇక్కడే పిల్లవాడు బెదిరిపోయి పక్కవాడి రికార్డు అడుగుతాడు. వాచ్ నొక్కినప్పుడు 'సున్నా' అనాలని ముందే చెబితే ఈ గొడవే లేదు. చివర ఆగే చోట కాక, గుండు అన్నిటికన్నా వేగంగా కదిలే మధ్య గీత దాటేటప్పుడు నొక్కాలి. చివర్లో అది ఎప్పుడు ఆగి తిరిగిందో కంటికి తేలదు. ఇంకో మాట, సీలింగ్ ఫ్యాను కట్టేయాలి. మన ఎండల్లో ఇది కష్టమే, కానీ అల్యూమినియం గుండును ఫ్యాను గాలి పక్కకు నెట్టేస్తుంది. రీడింగుకు నిమిషం చొప్పున ఓర్చుకోవచ్చు.

మీటరు పొడవుకు మన ఊళ్లో ఇరవై ఊపులకు పట్టేది 40.2 సెకన్లు. 40 సెంటీమీటర్లకు 25.4, 60కి 31.1, 80కి 35.9, 120కి 44 సెకన్లు. ఈ అంకెలు పిల్లలకు చెప్పకూడదు, నేర్పేవాళ్ల దగ్గర ఉండాలి. ఫోనులో స్టాప్‌వాచ్ సెకనులో వందో వంతు చూపిస్తుంది గానీ వేలు ఆలస్యమే 0.2 సెకను దాకా ఉంటుంది. 40 సెకన్లలో 0.2 అంటే అర శాతం. జి లెక్కలో కాలం వర్గం ఉంటుంది కనుక అది ఒక శాతం, అంటే అటూ ఇటూ 10. యాభై ఊపులు తీస్తే అది నాలుగుకు దిగుతుంది. ఇరవై ఊపులతో '979.6' అని దశాంశం పెట్టి రాయడానికి ఆ వాచ్‌కు తాహతు లేదని ఇక్కడ అర్థమవుతుంది. అర్థమైనవాడు 'అటూ ఇటూ 10' అని రాస్తాడు. ఆ మాట రాసినవాడికే మార్కులు పడాలి.

పొడవును నిలువు అక్షం మీద, కాలం వర్గాన్ని అడ్డం మీద పెట్టి ఐదు పొడవులకు గ్రాఫు గీయించాలి. గుండు మధ్య బిందువును మరిచిపోయినవాడి గీత మూలబిందువు గుండా పోదు, పొడవు అక్షాన్ని సుమారు 1.25 సెంటీమీటర్ల కింద ఖండిస్తుంది. వాలు మాత్రం సరిగ్గానే ఉంటుంది, జి కూడా సరిగ్గానే వస్తుంది. చేసిన తప్పు ఎంతో గీతే చెబుతుంది. పుస్తకంలో ఒక్క పొడవుకు సూత్రం వేసి వదిలేస్తే దొరకని పాఠం ఇది. లోలకానికి మూడు ఆదివారాలు ఇచ్చినా మేము ఎక్కువనం.

అనునాద గొట్టం ప్రయోగం, అంటే గొట్టంలో నీటి మట్టం మారుస్తూ శబ్దం గట్టిగా మోగే చోట్లు (అనునాదాలు) వెతికి ధ్వని వేగం కనుక్కోవడం, మన ఎండలకు తగిన పాఠం. గాలిలో ధ్వని వేగం సున్నా డిగ్రీల దగ్గర సెకనుకు 331 మీటర్లు, డిగ్రీకి 0.6 చొప్పున పెరుగుతుంది. 35 డిగ్రీల గదిలో 352 ఉండాలి. 512 హెర్ట్జ్ పౌనఃపున్యం (ఫ్రీక్వెన్సీ) ఉన్న శృతిదండం (ట్యూనింగ్ ఫోర్క్), 3 సెంటీమీటర్ల వ్యాసం గొట్టం తీసుకుంటే మొదటి అనునాదం 16.3 సెంటీమీటర్ల దగ్గర, రెండోది 50.7 దగ్గర వినిపిస్తుంది. తేడా 34.4, దాన్ని రెండింతల పౌనఃపున్యంతో హెచ్చిస్తే 352 సరిగ్గా వస్తుంది. తొందరపడి మొదటి అనునాదంతోనే ఆపేసి నాలుగింతలు చేసినవాడికి 334 వస్తుంది. గాలి స్తంభం గొట్టం నోటికి పైన వ్యాసంలో 0.3 వంతు ఎక్కువుంటుందన్న సంగతి వదిలేశాడు కనుక తగ్గింది. పుస్తకంలో 330, 340 అని చదివి ఉన్నాడేమో, తనదే ఒప్పని సంబరపడతాడు. రెండు రీడింగులూ శ్రద్ధగా తీసి 352 తెచ్చుకున్న పిల్ల తనది తప్పనుకుని రబ్బరు తీస్తుంది. ఆ పిల్ల రబ్బరు తీయకుండా చూడటమే అధ్యాపకుల పని.

ఇందులో చిక్కులు కొన్ని ఉన్నాయి. శృతిదండాన్ని బల్ల అంచుకేసి కొట్టకూడదు, రబ్బరు దిమ్మ మీద మెల్లగా కొట్టాలి. కంపిస్తున్న భుజం గొట్టానికి తగిలితే గాజు అంచు పగులుతుంది. మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి కాగి ఉంటాయి కాబట్టి గోడ థర్మామీటరును నమ్మకుండా గొట్టంలోనే థర్మామీటరు వేలాడదీసి చూడాలి. వీలైతే ఒక ఆదివారం ఉదయం ఏడింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చేయించాలి. గొట్టంలో 28 డిగ్రీలకూ 38కీ మధ్య అనునాదాల ఎడం ఆరు మిల్లీమీటర్లు పెరుగుతుంది. స్కేలు మీద కంటికి కనిపించేంత తేడా.

కరెంటు ప్రయోగాలన్నీ 6 వోల్టుల లోపే జరగాలి. మీటరు తీగతో తెలియని నిరోధం కొలిచే మీటర్ బ్రిడ్జిలో సమతుల్య బిందువు (గాల్వనోమీటరు ముల్లు సున్నా చూపే చోటు) తీగ మధ్యకు దగ్గరగా వచ్చేలా నిరోధం ఎంచుకోవాలి. 50 సెంటీమీటర్ల దగ్గర ఒక మిల్లీమీటరు తప్పితే జవాబులో 0.4 శాతం తేడా. 10 దగ్గర అదే మిల్లీమీటరుకు 1.1, 5 దగ్గర 2 శాతం పైన. జాకీని (తీగకు తాకించే లోహపు మొనను) తీగ మీద ఈడ్చకూడదు, ఎత్తి తాకించాలి. ఈడ్చిన చోట తీగ సన్నబడి, ఆ బ్రిడ్జి ఎప్పటికీ తప్పే చెబుతుంది. రెండు కొసలా ముల్లు ఒకేవైపు తిరిగితే ఏదో ఒక గ్యాప్‌లో కనెక్షన్ వదులైనట్టు. మరలు విప్పి సాండ్‌పేపర్‌తో రుద్ది బిగిస్తే సగం రోగాలు పోతాయి. మల్టీమీటర్ కరెంటు సున్నా చూపిస్తుంటే సర్క్యూట్‌ను అనుమానించే ముందు మీటరు లోపలి ఫ్యూజు చూడండి. ఎవరో అంతకుముందు అమ్మీటరు రేంజిలో పెట్టి బ్యాటరీకి సమాంతరంగా కలిపి ఉంటారు. ల్యాబుల్లో 'పాడైన' మీటర్లలో చాలావాటికి ఫ్యూజు మారిస్తే చాలు.

మొదటి వాకిలిలో వచ్చేవాళ్లకు కరెంటు బిల్లే పాఠ్యపుస్తకం. 75 వాట్ల ఫ్యాను పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్. 15 లీటర్ల గీజరులో నీళ్లను 28 డిగ్రీల నుంచి 55కు తేవడానికి 1,700 కిలోజౌళ్లు, అంటే అర యూనిట్‌కు కొంచెం తక్కువ. 2 కిలోవాట్ల గీజరు అయితే పద్నాలుగు నిమిషాలు. గడియారం పెట్టుకుని ఎవరింట్లో వాళ్లు చూసుకోవచ్చు. ఎక్కువ సేపు పడితే వేడి ఎక్కడ పోతోందో వెతకడం తర్వాతి పాఠం.

భాష గురించి ఒక మాట, ఇది పత్రికలకూ వర్తిస్తుంది. తెలుగు మీడియం పిల్లకు ద్రవ్యవేగం తెలుసు, ఇంగ్లిష్ మీడియం పిల్లకు మొమెంటం తెలుసు, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. రెండు మాటలూ బోర్డు మీద పక్కపక్కనే ఉండాలి. వాడుకలో కలిసిపోయిన జంటలు మరీ కష్టపెడతాయి: బరువు, ద్రవ్యరాశి, వడి, వేగం, ఉష్ణం, ఉష్ణోగ్రత, శక్తి, సామర్థ్యం. రాష్ట్రంలో రోజువారీ విద్యుత్ వాడకం ఇన్ని మెగావాట్లని అప్పుడప్పుడు వార్తల్లో వస్తుంది. ఒక క్షణాన ఉన్న గిరాకీ మెగావాట్లలో, రోజంతా వాడింది యూనిట్లలో ఉండాలి. పేపరులో ఆ తేడా సరిగ్గా ఉంటే క్లాసులో ఒక గంట మిగులుతుంది.

మార్కుల సంగతి. ల్యాబ్‌లో పెన్నుతోనే రాయాలి, రబ్బరు ఉండకూడదు, తప్పు రాస్తే ఒక గీత కొట్టేయాలి. కార్బన్ పేపరు పెట్టి రెండో కాపీని బయటికి వెళ్లేముందు అధ్యాపకుల చేతికివ్వాలి. ఇరవై మార్కుల్లో పది ఆ ముడి రీడింగులకు, ఐదు తేడా ఎంత ఉండవచ్చో అంచనా వేసినందుకు, ఐదు ఎందుకు వచ్చిందో చెప్పగలిగినందుకు. పుస్తకం విలువకు దగ్గరగా వచ్చినందుకు సున్నా. ఏళ్ల తరబడి ఇంటర్ ప్రాక్టికల్స్‌కు 30 మార్కులు ఇస్తూ వచ్చిన పద్ధతిలో అందరికీ 30 పడటానికి కారణం మనం మార్కు పెట్టింది జవాబుకు కావడమే.

అడ్డంకులు లేకపోలేదు. ల్యాబ్ అసిస్టెంట్ ఆదివారం రావాలంటే అదనపు జీతం ఇవ్వాలి, ఇది దానధర్మంగా నడిచే పని కాదు. ఫీజు 24 మంది మీద ఆ జీతం, అధ్యాపకుల గంటలు, దారం, సెల్లులు, ఫ్యూజుల ఖర్చు పంచితే సరిపోయేంత ఉండాలి. పాదరసం థర్మామీటర్లు తీసేసి ఆల్కహాల్‌వి పెట్టాలి, కొత్త చేతుల్లో థర్మామీటర్లు పగలడం ఖాయం, పాదరసం విషం. క్రెడిట్ల గుర్తింపు యూనివర్సిటీ చేతిలో ఉంది. అది వచ్చేదాకా ఆగనక్కర్లేదు, ఎలక్ట్రీషియన్‌కూ స్కూలు టీచర్‌కూ క్రెడిట్‌తో పనిలేదు.

జూన్‌లో ఒక బ్యాచ్ మొదలుపెట్టాలనుకునే కాలేజీ వేసవి సెలవుల్లోనే స్టాక్ రిజిస్టరు ముందు పెట్టుకుని ల్యాబ్ చూసుకోవాలి. మూసినప్పుడు సున్నా చూపని వెర్నియర్లు, స్క్రూగేజీలు ఎన్నో వేరుచేసి, ఒక్కోదాని జీరో ఎర్రర్ చీటీ మీద రాసి అతికించాలి. స్క్రూగేజీ తల మీది వంద గీతల స్కేలు 97 చూపితే అది మైనస్ మూడు అని కూడా ఆ చీటీ మీదే రాయాలి. మీటర్ బ్రిడ్జి తీగలు, మల్టీమీటర్ ఫ్యూజులు మార్చాలి. గొట్టాలు పగిలాయేమో చూడాలి. పన్నెండు ఇత్తడి గుండ్లు, పన్నెండు అల్యూమినియం గుండ్లు కోయించాలి. ఇవి ఒక అధ్యాపకుడు, ఒక అసిస్టెంట్ కలిసి వారం రోజుల్లో చేయగలిగిన పనులు.

ఇట్లు,
భౌతికశాస్త్ర అధ్యాపకులు కొందరు,
విజయవాడ, గుంటూరు